మా మనవడిని ఎత్తుకున్న పదకొండు మంది

ముందుగా పోయినవి చెబుతాను. మా మనవడి బరువులో నూట ఎనభై గ్రాములు పోయాయి. నా ముక్కుకు పందొమ్మిది రోజులు వాసన పోయింది. మా అమ్మాయికి ఎనిమిది రోజుల నిద్ర పోయింది. ఇరవై ఒకటో రోజు చేయాల్సిన తొట్టెల ఫంక్షన్ పోయింది. పదకొండు మంది దగ్గర నా మర్యాద పోయింది. మొదటి నాలుగూ ఎప్పుడో తిరిగి వచ్చాయి. ఐదోది మాత్రం విడతల మీద వచ్చింది, ఇంకా పూర్తి కాలేదు.

దబీర్‌పురా స్టేషన్ దగ్గర నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. మసాలాలు ఎక్కువగా అమ్ముతాను. చదివింది ఆరో తరగతి. శాతాలు, వడ్డీలు, సగటులు నా అంతట నేనే నేర్చుకున్నాను. దుకాణంలో క్యాలిక్యులేటర్ ఉంది, కానీ అది సరిగ్గా చేస్తోందో లేదో చూడటానికే వాడతాను.

మా అమ్మాయి స్వప్న తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. బాబు పుట్టిన మూడో రోజే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికి కరోనా అయిపోయిందని అందరూ మాస్కులు పారేశారు. నేనూ దుకాణంలో మిగిలిన డబ్బా మాస్కులను అటక మీద పెట్టేశాను.

రోజూ పొద్దున దుకాణం కాంటాను ఇంట్లోకి తెచ్చి, పళ్లెంలో మెత్తటి తువ్వాలు పరిచి, దాని బరువు తీసేసి బాబును తూచేవాడిని. మొదట మా ఆవిడ అంజమ్మ ఒప్పుకోలేదు.

"పిల్లగాడా, కందిపప్పా? మొత్తం ఎంత, ప్యాక్ చెయ్యాల్నా అని కూడ అడుగు."

"కాంటా మీద సర్కారు ముద్ర ఉన్నది. గ్రాము తేడా రాదు," అన్నాను.

పద్నాలుగో రోజున ఆ కాంటాయే మొదట చెప్పింది. ముందు రోజు మూడు కిలోల నలభై గ్రాములు. ఆ పొద్దున రెండు కిలోల తొమ్మిది వందల డెబ్బై. తువ్వాలు మార్చి మళ్ళీ తూచాను, అంతే. స్వప్నను అడిగితే, రాత్రి నుంచి బాబు పాలు సరిగ్గా తాగడం లేదంది. ముక్కు దిబ్బడ వేసి గురగురమంటోంది. రోజుకు ఎనిమిది లంగోటాలు తడిపేవాడు, ఆ రోజు మూడే తడిపాడు. నుదుటి మీద చేయి పెడితే వెచ్చగా తగిలింది.

అంజమ్మ ఎండ వేడి అంది. నేను కాంటా వైపు చూశాను. ఆటో పిలిచాను.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ థర్మామీటర్ చూసి ఒకే మాట చెప్పింది. "నెల లోపు బేబీకి ఫీవర్ అంటే మేము రిస్క్ తీసుకోం. అడ్మిట్ చేస్తున్నాం." ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని బ్లడ్ కల్చర్‌కు రక్తం తీశారు, సీఆర్‌పీ చేశారు, ముక్కులో స్వాబ్ పెట్టి ఆర్టీపీసీఆర్‌కు పంపారు. నా చిటికెన వేలంత ఉన్న బాబు చేతికి ఐవీ లైన్ పెట్టారు. రిపోర్టులు వచ్చేదాకా యాంటీబయాటిక్ ఇస్తామన్నారు. మా అందరికీ మాస్కులు ఇచ్చారు.

నేను ఇంట్లో తూచిన బరువు చెప్పాను. నర్సు వాళ్ళ మెషిన్ మీద తూచి, పది గ్రాములు తేడా అంది. మీ మెషిన్‌కు ముద్ర ఎప్పుడు వేయించారని అడిగాను. ఆమె తమ మెషిన్ అంకెనే ఫైల్‌లో రాసుకుంది.

మర్నాడు ఉదయం రిపోర్ట్ వచ్చింది. కోవిడ్ పాజిటివ్. స్వప్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"పుట్టిన్నప్పటి నుంచి గడప దాటలే కదా బాపు. ఎట్లొస్తది?"

"బేబీ బయటికి పోలేదు, ఇంట్లో వాళ్ళే లోపలికి తెచ్చారు," అంది డాక్టరమ్మ. "చాలామంది బేబీస్‌కు మైల్డ్‌గానే పోతుంది. కానీ రెండు మూడు రోజులు శ్వాస చూడాలి. బాబును ఎవరెవరు ఎత్తుకున్నారో నాకు లిస్ట్ ఇవ్వండి."

నాకు తెలిసిన పని ఒక్కటి దొరికింది. క్యాంటీన్‌లో కూర్చుని రాశాను. అంజమ్మ, స్వప్న, అల్లుడు నరేశ్, అతని తల్లీ తండ్రీ, నా తమ్ముడు, మరదలు, వాళ్ళ బిడ్డ, బాబుకు నీళ్లు పోసే మల్లమ్మ, ఎదురింటి టీచరమ్మ, పక్కింటి ఖాలిదా ఆపా. మొత్తం పదకొండు. ఒక్కొక్కరు ఎన్నిసార్లు ఎత్తుకున్నారో, సుమారు ఎన్ని నిమిషాలో పక్కన వేశాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. డాక్టరమ్మ అడగని పని కూడా చేశాను. ఫోన్ తీసి వరుసగా అందరినీ నిలదీశాను. వియ్యంకుడిని, బాబును చూడటానికి వచ్చిన రోజు మీరు రెండుసార్లు దగ్గారు, ఎందుకు అని అడిగాను. "బీడీ తాగిన బావా," అన్నాడాయన, ఇంట్లో వాళ్ళకు వినపడకుండా. మరదలు ఏడ్చింది. మల్లమ్మ, ఇక నీళ్లు మీరే పోసుకోండని ఫోన్ పెట్టేసింది. క్యాంటీన్‌లో నా ఎదురుగా ఉన్న అంజమ్మనూ వదల్లేదు.

"ముప్పై ఏండ్లయె నీ పక్కన ఉండవట్టి," అందామె. "నాకు రోగమొస్తే ఎక్కడికెల్లి వస్తదో నువ్వే లెక్క చెయ్యి."

నేను ఆ లెక్క చేయలేదు.

చివరికి ఖాలిదా ఆపాకు ఫోన్ చేశాను. ఆమె మా గల్లీలో చీరలకు జరీ పని చేస్తుంది. అంతకుముందు ఆదివారం బాబును చూడటానికి వచ్చినప్పుడు ఆమె గొంతు బొంగురుగా ఉంది. నా అనుమానమంతా అక్కడే.

"క్యా యాదగిరి భాయ్, నా గొంతు ఆటోవాలాతోని లొల్లి పెట్టి పోయింది. అఫ్జల్‌గంజ్ నుంచి డబల్ అడిగిండు."

"ఆటోవాలా పేరేంది? అతనికి జ్వరం ఉండెనా?"

"అరె, పోలీసోనివా ఏంది? ఆ రోజు నేను కొత్త అత్తరు పూసుకుని వచ్చిన. అంజమ్మకు తుమ్ములొచ్చినయి. స్వప్న కిటికీ తెరిచింది. నీకే ఏం తెలువలే. ముందు నీ ముక్కు సంగతి చూసుకో, పో."

తిట్టు అనుకున్నాను. ఆమె పేరు కింద రెండు గీతలు గీశాను.

మధ్యాహ్నం రౌండ్స్‌లో డాక్టరమ్మకు కాగితం ఇచ్చాను. నిమిషాల మొత్తం చూసి ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"చాలా నీట్‌గా రాశారు. మీరు బాబును ఎత్తుకోరా?"

"ఎందుకెత్తుకోను మేడమ్, రోజుకు నాలుగుసార్లు. తూచేటప్పుడు ఐదు."

"మరి ఇందులో మీ పేరేది?"

కాగితం తిరిగి తీసుకుని మొదటి నుంచి చూశాను. పదకొండే.

"గొంతు నొప్పి, జలుబు ఏమైనా ఉందా మీకు?"

"లేదు మేడమ్. ఎండుమిర్చి ఘాటుకు వారం నుంచి గొంతు గరగర అంటున్నది, గంతే."

"వాసన తెలుస్తోందా?"

తెలుస్తుందనబోయి ఆగిపోయాను. నాలుగు రోజుల క్రితం ఇంగువ డబ్బా మూత తీసి ఉందని, గల్లీ చివరి దాకా వాసన వస్తోందని ఒకాయన వచ్చి చెప్పాడు. ఆ డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. ఇంగువలో కల్తీ పెరిగిందని ఆ రోజు నేను హోల్‌సేల్ వాళ్ళను తిట్టుకున్నాను.

పదకొండు మందికీ టెస్ట్ చేశారు. పదకొండూ నెగెటివ్. నాది పాజిటివ్.

నన్ను ఇంటికి పంపేశారు. దుకాణం వెనక బస్తాల గదిలో మంచం వేసుకున్నాను. మిరియాలు, లవంగాలు, ధనియాల మధ్య పడుకుంటే ఏ వాసనా లేదు. స్వప్న మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని బాబుకు పాలు ఇవ్వవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మూడు పూటలా స్వప్న ఫోన్ చేసి బాబు ఆక్సిజన్ సాచురేషన్ చెప్పేది. తొంభై ఏడు. తొంభై ఐదు.

అడ్మిట్ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం స్వప్న ఫోన్ చేసింది. "ఎనభై ఎనిమిది, బాపు. ఎన్‌ఐసీయూకు తీసుకపోయిన్రు. ముక్కుల ఆక్సిజన్ పైపులు పెట్టిన్రు."

వందలోంచి తీసేస్తే పన్నెండు. ఆ పన్నెండుతో ఏం చేయాలో నాకు తెలియలేదు. వందకు పన్నెండు తరుగు దుకాణంలో ఎన్నోసార్లు చూశాను, అన్నం తిని పడుకున్నాను. ఆ రోజు అన్నం ముట్టలేదు. పిల్లవాడి వంటి మీద అంత తరుగు తెచ్చింది నేనే. రోజుకు నాలుగుసార్లు, సుమారు పది నిమిషాలు, ముఖం మీద ముఖం పెట్టి మాట్లాడాను.

గది తలుపు మీద ఎవరో కొట్టారు. తీసేసరికి గడప మీద గిన్నె, నాలుగు అడుగుల దూరంలో ఖాలిదా ఆపా.

"ఖిచిడీ. రుచి తెలువదు నీకు, మంచిదే. ఉప్పు మరిచిపోయిన."

"ఆపా, నేనే తెచ్చిన రోగం."

"గల్లీ మొత్తానికి ఎర్కే. తిను. ఫికర్ చెయ్యకు, ఆ పిల్లగాడు నీ లెక్క మొండోడు."

ఆక్సిజన్ ముప్పై గంటలు పెట్టారు. తర్వాత తొంభై నాలుగు, తొంభై ఆరు, పైపులు లేకుండా తొంభై ఎనిమిది. బ్లడ్ కల్చర్ నెగెటివ్ వచ్చింది, యాంటీబయాటిక్ ఆపేశారు. బరువు రెండు కిలోల ఎనిమిది వందల అరవైకి పడి అక్కడ నిలిచింది. ఎనిమిదో రోజు డిశ్చార్జ్ చేస్తూ డాక్టరమ్మ, "తాతయ్యకు నెగెటివ్ వచ్చేదాకా కాంటా అమ్మమ్మకు అప్పగించండి," అందట. అంజమ్మ తువ్వాలు బరువు తీసేయడం మరిచిపోయి, ఒక్క రోజులో బాబు రెండు వందల గ్రాములు పెరిగాడని గల్లీ అంతా చెప్పింది. నేను బస్తాల గది కిటికీలోంచి సరిచేశాను.

ఇప్పుడు బాబుకు రెండేళ్ళు. చివరి చెకప్‌లో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. పన్నెండు కిలోలు ఉన్నాడు, కాంటా మీద తనే ఎక్కి నిలబడతాడు. ఒకటి, రెండు, ఏడు అని లెక్కపెడతాడు. సరిచేస్తున్నాను.

పసిబిడ్డ ఉన్న ఇళ్ళవాళ్ళకు ఒక్క మాట. గొంతు గరగరమంటే కారణం మిర్చి అని మీరే తేల్చుకోకండి. తగ్గేదాకా బిడ్డను దూరం నుంచి చూడండి. ఎత్తుకున్నవాళ్ళ జాబితా రాయాల్సి వస్తే మొదటి పేరు మీది రాయండి.

నెగెటివ్ వచ్చాక నేను మాఫీ అడగడానికి బయలుదేరాను. వియ్యంకుడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, ఆ ఫోన్లలో బీడీ విషయం వాళ్ళింట్లో బయటపెట్టినందుకు ఒకటి. మల్లమ్మ చీర తీసుకుని క్షమించింది. చివరికి ఖాలిదా ఆపా గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె సూది పక్కన పెట్టి నా మాట మొత్తం వింది.

"తీసుకోను," అంది.

"ఎందుకు ఆపా?"

"తీసుకుంటే ఖతమ్ అయితది. ఉండనీ."

అప్పటి నుంచి ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా చేతులు కడుక్కుని, నా ఒళ్ళో ఉన్న బాబు వైపు రెండు చేతులూ చాపుతుంది. "నాకు మాఫీ బాకీ ఉన్నవ్ భాయ్. పిల్లగాన్ని ఇటియ్యి." నేను ఇచ్చేస్తాను.

అడగాల్సిన మాఫీలు పదకొండు. తీరినవి పది. ఈ రోజుకు బాకీ: ఒకటి.