ఖుబానీ బదులు రేగుపండ్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా తోటికోడలు యాదక్క పెళ్లిళ్లకు వంటలు చేస్తుంది. మాది జఫర్‌గఢ్ దగ్గర ఊరు. జనగామ నుంచి మహబూబాబాద్ దాకా ఆమె చేసే ఖుబానీ మీఠా కోసమే పిలిచేవాళ్లుండేవారు. ఖుబానీ అంటే ఆప్రికాట్. ఆ ఎండు పండ్లను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో సన్నమంట మీద మెత్తగా ఉడికించి, చల్లటి కస్టర్డ్ మీద పోసేది. పక్కన ఉండి కలిపే పని నాది.

ఆ రోజు భూపాలపల్లిలో ఒక బొగ్గు గని కార్మికుడి కూతురి పెళ్లి. "చెల్లె, గంజు ఇడిసిపెట్టి పోకు, అడుగంటుతది" అని చెప్పి యాదక్క కూరల దగ్గరికి వెళ్లింది. నేను వెళ్లాను. పెళ్లికూతురిని ముస్తాబు చేస్తుంటే చూద్దామని. ఒక్క నిమిషమే అనుకున్నాను. తిరిగొచ్చేసరికి మాడు వాసన.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. అంతే కదా? పక్కింటి అవ్వ మంచం మీద ఎండబెట్టిన రేగుపండ్లు కనిపించాయి. అడిగి తెచ్చాను. ఉడికించి, గుజ్జు పిసికి, గింజలు ఏరి, చక్కెర పోసి మరిగించాను. రంగు కలిసింది. మాడిన ఖుబానీ ఇంటి వెనక పారబోశాను. ఇదంతా నాతో భయమే చేయించిందా, లేక ఎవరూ కనిపెట్టలేరులే అని నా తెలివి మీద నాకున్న మురిపెమా అని ఎన్నిసార్లు వెతుక్కున్నా, రెండూ ఉన్నాయనే తేలుతోంది.

బంతిలో పెళ్లికొడుకు మేనమామ పంటి కింద నేను ఏరగా మిగిలిన రేగు గింజ పడింది. అరచేతిలో పెట్టుకుని లేచాడు.

"ఏంది గిది? ఖుబానీ అని చెప్పి రేగుపండ్లు పెడ్తున్నరా? మేమంటె గంత అల్కనా?"

పెళ్లికూతురి తండ్రి ముఖం పాలిపోయింది. యాదక్క వచ్చింది. వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. నావైపు చూడలేదు.

"రేగుపండ్లే, అన్నా. వంట నాది, తప్పు నాదే. పిల్ల తండ్రికి ఏం ఎరుకలేదు. ఆయన్నేం అనకుండ్రి."

చేతులు జోడించింది. ఎవరో నవ్వారు. ఆమె గరిటె తీసుకుని చివరి బంతి దాకా నిలబడి వడ్డించింది.

దారిలో నన్నేమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? ఏమో.

ఆ తర్వాత ఎవరు వంట మాట్లాడుకోవడానికి వచ్చినా ఆమే ముందు చెప్పేది. "ఒక పెండ్లిల ఖుబానీ అని రేగుపండ్లు పెట్టిన. నమ్మితెనే పిలువుండ్రి." కొందరు లేచిపోయేవారు. కొందరు ఆ మాట విన్నాకే ఒప్పుకునేవారు. తనది కాని తప్పును అంత నిటారుగా మోసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆమె అలా చెబుతున్న ప్రతిసారీ నేను పక్కనే ఉల్లిగడ్డలు కోస్తూ ఉన్నాను. తల ఎత్తలేదు.

మొన్న నర్సింహులపేటలో వంట అయ్యాక, గంజులు తోముతూ చెప్పేశాను. మొత్తం. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్, చెల్లె? నాకు గా దినమే ఎరుక. నేను అందరికి అబద్ధం చెప్పుకుంట వచ్చిన. చెప్తె ఆళ్లకు చెప్పు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

వాళ్లంతా ఎక్కడెక్కడి వాళ్లో. ఏ గడప ఎక్కి చెప్పను? అందుకే మీకు చెబుతున్నాను. చెబుతుంటే ఊపిరి కొంచెం నిండుగా అందుతోంది. ఖుబానీ మాడ్చింది నేను. రేగుపండ్లు ఉడికించింది నేను. యాదక్క ఏ పెళ్లిలోనూ, ఎవరి విస్తట్లోనూ, ఒకటి చెప్పి మరొకటి వడ్డించలేదు.