అమ్మ పత్తా

నా చిన్నప్పుడు హుస్సేనీ ఆలంలో మా గల్లీ వాళ్లకు పత్తా అంటే రెండు అర్థాలు. పేకముక్కా పత్తాయే, మనిషి జాడా పత్తాయే. నాకు మాత్రం అప్పటికి మొదటిదే తెలుసు. గల్లీ మలుపులో పంజరం పెట్టుకుని జోస్యం చెప్పే చిలక తాత దగ్గరి బొమ్మల అట్టలను కూడా మేం పత్తాలనే అనేవాళ్లం.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకు జ్వరం పట్టుకుంది. పోయేది, మళ్లీ వచ్చేది. దవాఖానలో ఏవేవో పరీక్షలు చేసి ఇంటికి పంపించారు. ఒకరోజు మా అమ్మమ్మ బర్రెకు కుడితి పెడుతూ పక్కింటామెతో అంటుంటే విన్నాను. "ఎన్ని సూదులు పొడిచిన్రో. దాని పత్తానే దొరుకుతలేదంటున్రు." అమ్మమ్మ అన్నది రోగం జాడ గురించి. నాకు అర్థమైంది మాత్రం అమ్మ పత్తా ఎక్కడో పోయిందని, అది దొరికితే అమ్మ లేచి నాకు జడ వేస్తుందని.

బడి నుంచి నేరుగా చిలక తాత దగ్గరికి వెళ్లాను.

"తాతా, మా అమ్మ పత్తా పోయిందట. నీ దాంట్ల ఉన్నదేమో చూడు."

ఆయన నవ్వలేదు. సంగతంతా అడిగి తెలుసుకుని పంజరం తలుపు తీశాడు. చిలక నడిచొచ్చి ఒక పత్తా లాగింది. తాత జోస్యం చెప్పలేదు. దాన్ని నా చేతిలో పెట్టి ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నాడు. లక్ష్మీదేవి, రెండు ఏనుగులు, తామరపువ్వు అన్నాను. మళ్లీ చూడమన్నాడు. చూడగా చూడగా ఒక ఏనుగు కళ్లు మూసుకుని ఉండడం కనబడింది. నీళ్లలో చిన్న చేప. అట్ట అంచున చిలక ముక్కు గాట్లు.

"రేపేమైతదో ఈ అట్టకేం ఎరుక, నాకేం ఎరుక. ఈ దొంగముఖం చిలుకకైతే జామకాయ తప్ప ఏం కనబడది. నీకు చూసుడొచ్చింది బిడ్డా. పోయి మీ అమ్మను గిట్లనే చూడు. ఏం కనబడితే గది వచ్చి నాకు చెప్పు."

ఆ రోజు నుంచి అమ్మ మంచం పక్కన కూర్చుని చూసేదాన్ని, కనబడినవి వెళ్లి తాతకు చెప్పేదాన్ని. ఎడమ చెవి వెనక ఆవగింజంత పుట్టుమచ్చ. మందు మింగే ముందు కుడికాలి బొటనవేలు ముడుచుకోవడం. పాల క్యాన్ చప్పుడు వినగానే కళ్లు తెరవకుండానే అమ్మమ్మ వచ్చిందని పోల్చుకోవడం. ఎనిమిదేళ్లు ఆ ఒళ్లోనే పెరిగినా ఇవేవీ నాకు తెలియవు.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? నాకు దిష్టి తగులుతది" అంది అమ్మ ఒకరోజు.

"నీ పత్తా దేవులాడుతున్న."

అమ్మకు అర్థం కాలేదు. అయినా నవ్వింది. "దొరికిందా మరి?"

"లేదమ్మా. ఇంకా దొరకలే."

వానలు మొదలుకాకముందే అమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక తాత దగ్గరికి కోపంగా వెళ్లాను. పత్తా దొరకలేదు, నువ్వు అబద్ధం చెప్పావు అన్నాను. ఆయన అట్టల మీద గుడ్డ కప్పాడు.

"పుట్టుమచ్చ ఏ చెవి ఎనక ఉండె?"

"ఎడమ."

"మందు మింగేటప్పుడు ఏం జేస్తుండె?"

చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. జోస్యానికి వచ్చిన ఒకాయన నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. తాత అటు చూడనే లేదు.

ఇప్పుడు నా కూతురికి మూడేళ్లు. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. రిపోర్టు రావాల్సి ఉంది. అప్పటిదాకా ఆగలేక, రేపటి సంగతి ఎవరో రాసి పెట్టినట్టు ఫోన్‌లో వెతుకుతూ ఉంటాను. వెతికినకొద్దీ దడ పెరుగుతుంది. అప్పుడు ఫోన్ బోర్లా పెట్టి పిల్లను చూస్తాను. దగ్గు వచ్చే ముందు అది నా చున్నీ అంచు పట్టుకుంటుంది. నిన్న సిరప్ తాగే ముందు దాని కుడికాలి బొటనవేలు ముడుచుకుంది.

దొరికిందా మరి అని నవ్వుతూ అడిగిన అమ్మకు, ఆ రోజే దొరికిందని చెప్పి ఉండాల్సింది.