ఉమ్ రామిజ్ ఆరేసిన దుప్పట్లు

"మూడు రోజులైంది ఆ పిల్ల సరిగా నీళ్ళు తాగి. ఈ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు ఏమవుతాయో నేను చదువుకున్నాను. నాకు భయంగా ఉంది."

అన్నెలి ఈ మాట అన్నది బట్టలు ఉతికే గది గుమ్మంలో, ఎనిమిది నెలల కొడుకుని చంకనేసుకుని. లోపల ఉమ్ రామిజ్ దుప్పటి పిండుతోంది. తలెత్తి చూడలేదు.

"భయం ఇప్పుడొచ్చిందా దొరసానమ్మా? ఉత్తరం రాసిన రోజున ఎక్కడికెళ్ళింది?"

బీరూట్‌కి పైన, కొండ మీది మిషన్ బడిలో ఉమ్ రామిజ్ ముప్పై ఒక్కేళ్ళుగా బట్టలు ఉతుకుతోంది. హాస్టల్ పిల్లలకి అమ్మానాన్నలుగా ఉంటామని వచ్చిన మిషనరీ కుటుంబాలు ఆమె చేతుల మీదుగా పదకొండు వెళ్ళాయి. వచ్చేటప్పుడు దేవుణ్ణి తామే పెట్టెలో సర్దుకుని తెచ్చినట్టు వస్తారనీ, పోయేటప్పుడు ఆలివ్ సబ్బులు కట్టలుగా మోసుకుపోతారనీ ఆమె అంటుంది. పన్నెండోది ఫిన్లాండ్ నుంచి వచ్చిన అన్నెలి, తీమోల కుటుంబం. అన్నెలి జీవశాస్త్రం చదివింది. తీమో లెక్కలు చెబుతాడు, ఉత్తరాలు రాయిస్తాడు.

ఉమ్ రామిజ్‌ది ఒక పద్ధతి. చిన్నపిల్లల గదిలో ఎనిమిది మంచాలుంటే, పొద్దున్నే ఎనిమిది దుప్పట్లూ లాగేసి ఉతికేస్తుంది. తడిసింది ఒక్కటే అయినా సరే. దడి వెంట కట్టిన తాళ్ళ మీద ఎనిమిదీ వరసగా ఆరతాయి. ఎవరిదేదో ఆ దేవుడికే తెలియాలి. ఇన్నేళ్ళలో పక్క తడిపిన పిల్ల ఎవరో పక్క మంచం పిల్లకి కూడా తెలియలేదు. వెనకటి హాస్టల్ నాన్న ఒకాయన నీళ్ళు వృథా అవుతున్నాయని ఉపన్యాసమిస్తే, "శిష్యుల కాళ్ళు కడిగినాయన నీళ్ళు పొదుపు చేశాడా అయ్యా?" అని అడిగింది. ఆయన మళ్ళీ ఆ గదివైపు రాలేదు.

ముప్పై ఒక్కేళ్ళ ఆ పనిని ఒక్క ఉత్తరం మట్టిపాలు చేసింది.

మిషనరీలు నెలనెలా తమ ఊళ్ళోని చర్చిలకి ప్రార్థన ఉత్తరం పంపుతారు. అందులో కాస్త ఏడుపుంటే ప్రార్థన బాగా సాగుతుందని తీమో నమ్మకం. ఏప్రిల్లో, సరిహద్దు అవతలి కామిష్లీ ఊరి నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ నహ్రీన్ అన్నెలి చెవిలో ఒక మాట చెప్పింది. మే నెల ఉత్తరంలో అన్నెలి ఆ పిల్ల పేరు, వయసు, ఊరు రాసి, అమ్మ మీద బెంగతో పక్క తడుపుతోందని కూడా రాసేసింది. రాస్తూ కళ్ళు తుడుచుకుంది.

జూన్లో ఫిన్లాండ్‌లోని ఆదివారం బడి పిల్లలు పంపిన కార్డుల కట్ట వచ్చింది. భోజనాలయ్యాక టపా అందరి ముందూ చదివి పంచడం ఆ బడిలో అలవాటు. తీమో పొంగిపోతూ లేచి నిలబడి చదివాడు: "ప్రియమైన నహ్రీన్, నీ పక్క పొడిగా ఉండాలని మేమంతా రోజూ ప్రార్థిస్తున్నాం." కార్డు మీద ఒక మంచం, దాని మీద నీలం మబ్బు. పిల్లలు పగలబడి నవ్వుతుంటే, అది సంతోషమనుకుని రెండో కార్డు కూడా చదివాడు.

ఆ మధ్యాహ్నం నుంచే నహ్రీన్ నీళ్ళు మానేసింది. ఏదో పెదవులు తడుపుకోవడమే. పక్క తడవలేదు. ప్రార్థన ఫలించిందని మొదలుపెట్టి తీమో తర్వాతి ఉత్తరం రాసేశాడు. ఆ కాగితమే ఇప్పుడు అన్నెలి చేతిలో ఉంది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనా?" అంది అన్నెలి.

"తీసుకెళ్ళు. ఆయనక్కూడా నలుగురి ముందూ చదివి వినిపించు. ఏమిటా కాగితం?"

అన్నెలి చెప్పింది. ఉమ్ రామిజ్ దుప్పటి తొట్లో పడేసింది.

"చదువుకున్నదానివి, బిడ్డతల్లివి. సిగ్గు లేదూ? నాకెందుకు చూపిస్తావు దాన్ని? ఆ పిల్ల దుప్పట్ల వెనకే కూచునుంది. పోయి దానికి చదువు."

అన్నెలి బిడ్డని ఉమ్ రామిజ్‌కి అందించి, తడి దుప్పట్ల మధ్యకి వెళ్ళి నేలమీద కూర్చుంది. క్షమించమంది. కాగితం విప్పి చదవడం మొదలుపెట్టింది.

"నా పేరు కొట్టెయ్యి," అంది నహ్రీన్.

కొట్టేసింది.

"ఊరు కూడా."

కొట్టేసింది. "దేవుడు విన్నాడు అన్న మాట?"

"ఆయనేం వినలేదు. నేను నీళ్ళు తాగలేదు, అంతే. కొట్టెయ్యి."

చివరికి తీమో ముజద్దరా అనే పప్పన్నం వండబోయి పప్పు మాడ్చిన సంగతొక్కటే మిగిలింది.

"అది ఉంచు," అంది నహ్రీన్. మూడు రోజుల్లో మొదటిసారి మూతి మీద కాస్త నవ్వు తొంగిచూసింది.

ఉమ్ రామిజ్ గులాబీ షర్బత్ గ్లాసు దుప్పటి కింది నుంచి లోపలికి తోసింది. నహ్రీన్ దాన్ని ముట్టుకోలేదు.

"అత్తా, రేపు కూడా ఎనిమిదీ ఉతుకుతావా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉతుకుతున్నానే పిచ్చిదానా. ఇప్పుడు నీకోసం మానేస్తానా? తాగు."

సగం తాగింది. ఆగి, మిగతా సగం కూడా తాగింది.

బిడ్డని తిరిగిస్తూ ఉమ్ రామిజ్ అన్నెలి మొహంలోకి చూసింది. "ఎవరి గురించి రాశావో ముందు వాళ్ళకి చదివి వినిపించు. వాళ్ళు ఊఁ అంటేనే టపాలో వెయ్యి. మాటలు రాని పసివాడి గురించైతే రాయనే రాయకు."

ఆ పసివాడికిప్పుడు నాలుగేళ్ళు. వాడి గురించి వాళ్ళ అమ్మమ్మకి రాసే నాలుగు ముక్కలు కూడా అన్నెలి ముందు వాడికే చదువుతుంది. వాడు వద్దన్నవి కొట్టేస్తుంది.