మీసాల్లేని బాపు

ఆ రోజుల్లో మగవాడికి మీసమంటే ఎంత పట్టింపో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మేం బాపు అని పిలిచే మా నాన్న మీసాలకు చుట్టుపక్కల పెద్ద పేరట. భువనగిరి అంగడిలో కూడా "గా మీసాలాయన" అంటే చాలట. ('అట' అని ఎందుకంటున్నానంటే, ఆ మీసాలను నేనెరగను. నాకు గుర్తున్న బాపుకు మీసాల్లేవు.)

నైజాముకు ఎదురు తిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని బాపు కోసం రజాకార్లు ఊరిమీద పడ్డ రోజది. కలుపుకు పోయే ఆడవాళ్లలో కలిపి ఆయన్ను ఊరు దాటించాలని మా అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) ఉపాయం. మీసాలు తీయించి, తన నీలిచీర కట్టించి, నెత్తిన గంప పెట్టింది. చంకన పిల్ల ఉంటే ఎవరికీ అనుమానం రాదని నన్ను ఎత్తుకోమంది. అంతే, నేను ఊరంతా వినపడేలా ఏడుపు లంకించుకున్నాను. "బాపే బిడ్డా, జర ఊకో" అని అవ్వ బతిమాలింది. "గీమె బాపు కాదు! బాపుకు మీసాలుంటయ్!" అని కాళ్లు తన్నుకున్నాను. చేసేదిలేక నన్ను దించేసి, నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటూ, బాపు ఆడవాళ్ల వెనక నడిచాడు. రజాకార్ల ముందునుంచే దాటిపోయాడు. పోలీసు చర్య అయ్యాక, అడవి పట్టిన వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. మీసాలు పెంచుకుని వస్తాడని నేను ఏళ్లతరబడి వాకిట్లో కూర్చునేదాన్ని. రాలేదు. ఏమయ్యాడో చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు.

మొన్న ఈ సంగతి మనవలకు చెబుతుంటే మా అక్క అడ్డం తగిలింది. "నువ్వెక్కడ ఏడ్చినవే? చంటిపిల్లవు, తొట్టెలల పండుకున్నవ్. ఏడ్చింది నేను. అవ్వ చెప్పంగ చెప్పంగ నీదనుకున్నవ్." మరి నన్నెత్తుకున్నప్పుడు చీరలోంచి వచ్చిన ఆ పొగాకు వాసన? ఆ కొరుక్కున్న పెదవి? "నాకున్నది గాయనొక్కడే అక్కా, గాయన్ను గూడ గుంజుకుంటవా?" అన్నాను, డెబ్బై దాటిన ముసలిదాన్ని, చిన్నపిల్లలా. "నాకు మీసాలున్న బాపు యాదికున్నడు" అంది అక్క, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "మీసాల్లేనాయనను నువ్వే ఉంచుకో."

మర్నాడు తల దువ్వుకుంటూ అద్దంలో చూశాను. అచ్చం బాపు పోలికే అని అవ్వ అంటుండే ముఖం, ఒంటిమీద చీర, మీసాల్లేవు. (పైపెదవి మీది నాలుగు వెంట్రుకలను లెక్కలోకి తీసుకోకండి.) ఇన్నేళ్లూ బాపనుకుని నేను తలుచుకున్నది ఈమెనేనేమో. దిగులూ వచ్చింది, నవ్వూ వచ్చింది. పెదవి కొరుక్కున్నాను. అద్దంలో ఆయనా కొరుక్కున్నాడు. ఈసారి నేను ఏడవలేదు.