గౌస్‌కు బంతి అందని ఆట

బోయిగూడ మిర్చి గోదాం క్లబ్ చరిత్రలో ఒకే ఒక్క విజయం ఉంది. దాన్ని సాధించిపెట్టినవాణ్ణి నేనే. ఆ దెబ్బకే క్లబ్ మూతపడింది. గెలిచి మూతపడ్డ క్లబ్ ఇంకొకటి మీకు తెలిస్తే చెప్పండి, దాని కార్యదర్శి భుజం మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చి వస్తాను.

ముందు చరిత్ర చెప్పాలి. నేను టెక్నికల్ స్కూల్లో డ్రాయింగు నేర్చుకున్నవాణ్ణి. పునాది గీయకుండా గోడ గీయలేను.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో ఊళ్లో పదిమంది ఒకచోట చేరితే మిలిటరీ జీపు వచ్చి ఆగేది. ఇరవై ఇద్దరు కుర్రాళ్లు అరుచుకుంటూ పరిగెత్తడం ఆ రోజుల్లో ఎవరికీ ఆటలా కనిపించేది కాదు. అందుకని మేము ఫుట్‌బాల్‌ను కుదించాం. జట్టుకు ఐదుగురు. మైదానం ఒక సేఠ్ గారి మిర్చి గోదాం. సరుకు రాక బస్తాలు ఖాళీ అయ్యాయి గానీ ఘాటు మాత్రం ఖాళీ చేసి వెళ్లలేదు. ఆట మొదలైన కాసేపు తుమ్ములతోనే గడిచేది. మామూలు బంతి ఎగిరి పెంకులు పగలగొడుతోందని సేఠ్ గొడవ చేస్తే, నేనే తోలు బంతిలో కొబ్బరిపీచు కూరి కుట్టాను. అది నడుం ఎత్తు మించి ఎగరదు. ఎక్కువగా నేల మీద బద్ధకంగా దొర్లుతుంది. కాలికి గట్టిగా తగిలితే మాత్రం మనిషి ఎగురుతాడు.

ఇక సాధించినవి. మోండా మార్కెట్ హమాలీల చేతిలో ఓటమి. రైల్వే క్వార్టర్ల కుర్రాళ్ల చేతిలో ఓటమి. మళ్లీ హమాలీల చేతిలో ఓటమి. ఈసారి వాళ్లలో ఒకడు బీడీ కాలుస్తూ ఆడాడు. మా డిఫెన్సు పెళ్లి పందిరి లాంటిది. ఎవరైనా లోపలికి రావచ్చు, ఎవరూ అడ్డుపడరు.

అలాంటి జట్టు వల్లే ఒక అద్భుతం తయారైంది. దాని పేరు గౌస్. మా గోల్‌కీపర్, మా పక్కింటివాడు, నా ఈడువాడు. ముందు నిలబడ్డ మేము నలుగురం ఎన్ని బంతులు వదిలేస్తే వాడికి అంత సాధన. బంతి ఎటు పోతుందో తన్నినవాడికంటే ముందు వాడికి తెలిసేది. గోడకు అంటుకున్న బల్లిలా గాలిలో అడ్డంగా కనిపించేవాడు, మరుక్షణం బంతి వాడి పొట్ట కింద ఉండేది. మేము ఓడిపోయిన ప్రతిసారీ గెలిచినవాళ్లు వచ్చి వాడి వీపు తట్టి వెళ్లేవాళ్లు.

గౌస్ వాళ్ల నాన్న నిజాం ఫౌజులో సిపాయి. ఫౌజు రద్దయింది, ఆయన నౌకరీ పోయింది. కరాచీలో ఉన్న చిన్నాన్న వచ్చేయమని కబురు మీద కబురు పంపాడు. సరిహద్దు దాటి పోవడానికి పర్మిట్ కూడా చేతికొచ్చింది. వాళ్లమ్మకు మాత్రం పోవాలని లేదు.

"ఇంట్ల ఒక్కనికి నౌకరి దొరికితే గీడనే ఉంటం బిడ్డా. గాడ మాకు ఎవరు తెల్సు?" అనేది ఆమె, నా చేతిలో చాయ్ పెడుతూ. నేను ఆమెను చాచీ అని పిలిచేవాణ్ణి.

సరిగ్గా అప్పుడు యాదగిరి ఒక కబురు తెచ్చాడు. మా లావుపాటి డిఫెండర్ వాడు, తిరుమలగిరిలో ఒక మిలిటరీ డిపోకు సోడాలు వేసేవాడు.

"అరె ఇంజనీర్!" అన్నాడు. జట్టులో నా పేరు అదే. గౌరవంతో పెట్టింది కాదు. "డిపో టీముకు గోలీ, గదే గోల్‌కీపర్, కావాల్నట. మంచిగ ఆడెటోనికి స్టోర్ల పక్కా నౌకరి ఇస్తరట. సుబేదార్ సాబ్‌కు గౌస్ గురించి చెప్పిన. ఐతారం నాడు హమాలీలతోని మన మ్యాచ్ చూడనీకి వస్తడట!"

చాచీ ఆ రోజు నాకు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కట్ కూడా పెట్టింది. ఆ బిస్కట్ తిని ఊరుకున్నా బాగుండేది.

నేను పెన్సిలు, స్కేలు, కోణమానిని తీశాను. సుబేదారు ముందు గోల్స్ పడితే గౌస్‌ను తక్కువ చేస్తాడు. కాబట్టి గోల్ పడకూడదు. కాబట్టి బంతి గోల్ దాకా పోనే పోకూడదు. ఈ మూడు వాక్యాల్లో తప్పెక్కడుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు సర్టిఫికెట్ ఎవరిచ్చారా అని కూడా అనుకుంటూ ఉంటారు. హమాలీలు ఎక్కణ్ణుంచి తన్నితే బంతి ఏ కోణంలో వస్తుందో గీసి, దాన్ని ఆపే చోటల్లా నేల మీద సుద్దతో గుండ్రాలు చుట్టాను.

"నేను ఈడ నిలబడి ఏం జెయ్యాలె?" అన్నాడు యాదగిరి.

"ఏం జెయ్యకు. నిలబడు."

"గంతేనా? గది నాకొస్తది."

ఆదివారం సుబేదారు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. కుర్చీలో కూర్చుని, గట్టిగా తుమ్మి, "మీ గోలీ ఏడోయ్?" అన్నాడు. గౌస్ ముందుకొచ్చి సలాం చేశాడు. ఆట మొదలైంది.

హమాలీల కెప్టెన్ తన్నాడు. బంతి యాదగిరి పొట్టకు తగిలి ఆగింది. మళ్లీ తన్నాడు. నా మోకాలికి తగిలింది. మూడోసారి కసికొద్దీ తన్నాడు. యాదగిరి పొట్ట దాన్ని ఎంత జోరుగా వెనక్కి పంపిందంటే, అది గోదాం పొడవునా దొర్లిపోయి వాళ్ల గోల్లో పడింది. మేము ముందున్నాం! పుట్టి బుద్ధెరిగాక మేము ముందుండటం అదే మొదలు. నాకు మత్తెక్కింది.

వెనక నుంచి గౌస్ కేకేశాడు. "ఇంజనీర్, ఒక్కటన్న రానియ్యి రా!"

"ఫికర్ జెయ్యకు! చీమను సుత రానియ్య!"

"చీమ గాదు రా, బాల్!"

"బాల్‌నైతే అసల్కే రానియ్య!"

పరాచికాలాడుతున్నాడనుకున్నాను. ఒకసారి తిరిగి చూస్తే వాడు గోల్ కర్రకు ఆనుకుని, బస్సు రాని స్టాపులో ప్రయాణికుడిలా నిలబడి ఉన్నాడు. హాయిగా ఉన్నాడులే అనుకున్నాను.

ఆట చివర్లో ఒక్క బంతి మా గుండ్రాలన్నీ తప్పించుకుంది. గోల్ మూలకు దూసుకుపోతోంది. గౌస్ ముఖం వెలిగింది. మోకాళ్లు వంచాడు, ఒంటిని విల్లులా చేశాడు. సుబేదారు కుర్చీలోంచి సగం లేచాడు. సరిగ్గా అప్పుడు నేను పక్క నుంచి దూకి, ఆ కొబ్బరిపీచు గుండును తలతో బయటికి కొట్టాను. గౌస్ నా మీద, నేను నేల మీద.

హమాలీలు కూడా చప్పట్లు కొట్టారు. గౌస్ మాత్రం నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"గదొక్కటి నాది రా."

అప్పుడు తెలిసింది నాకు.

"భేష్!" అన్నాడు సుబేదారు. "బాగా గెలిచారు. కానీ నేనొచ్చింది గోలీని చూడ్డానికోయ్. ఈ అబ్బాయికి పనే పడలేదు. చూడని ఆటను చూశానని పైవాళ్లకు ఎట్లా చెప్పను?"

"సార్, ఇప్పుడే కొడ్తం, జెర చూడున్రి..." అన్నాను.

"మీరే కొట్టి మీరే పట్టుకుంటే అది ఆటెట్లా అవుతుంది? ఇవాళే ఇంకో ఇద్దర్ని చూడాలి." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "ఆ గుండ్రాలు గీసిందెవరు?"

నేనని చెప్పాను.

"బాగా గీశావు."

గోదాంలోని మిర్చి ఘాటంతా కలిపినా ఆ మెచ్చుకోలంత మండలేదు.

ఉద్యోగం ఆ ఇద్దరిలో ఎవరికో వెళ్లింది. గౌస్ వాళ్లు సికింద్రాబాద్ స్టేషన్లో బొంబాయి బండెక్కారు, అక్కణ్ణుంచి ఓడ. చాచీ నా తల మీద చెయ్యి పెట్టి లోపలికి వెళ్లి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"ఇన్నేండ్లు గోల్ మీద గోల్ ఇడిసిపెట్టి, గా ఒక్క దినం కాపాడిన్రు గద రా నన్ను," అన్నాడు గౌస్ కిటికీలోంచి. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఇద్దరి కళ్లలోనూ నీళ్లున్నాయి. సాకు చెప్పడానికి స్టేషన్లో మిర్చి కూడా లేదు.

బండి కదిలాక చూసుకుంటే, వాళ్ల కోసం మోండాలో కొన్న బత్తాయిలు నా చేతిలోనే ఉన్నాయి. పరిగెత్తుతూ ఒకటి విసిరాను. నా గురి మీకు తెలిసిందే; అది పక్క కిటికీ వైపు పోయింది. గౌస్ నడుం దాకా బయటికి వంగి, ఒంటిచేత్తో దాన్ని గాలిలోంచి తెంపుకున్నాడు.

"వారెవ్వా! ఏం పట్టిండు!" అన్నాడు నా పక్కన ఒక కూలీ.

ఆ మాట అనాల్సిన మనిషి తిరుమలగిరిలో ఉన్నాడు.

ఆ తర్వాత గోల్ ముందు నిలబడటానికి మాలో ఎవరూ ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు మిర్చి బస్తాలు తిరిగొచ్చి ఆ చోటు తీసుకున్నాయి. నేనిప్పుడు ఒక ఆఫీసులో కూర్చుని గోడలు గీస్తున్నాను. సాయంత్రాలు గల్లీ పిల్లలు ఒక మనిషి తక్కువై పిలిస్తే వెళ్లి ఆడుతుంటాను.

కాబట్టి నా పెన్సిలు మీద, స్కేలు మీద, కోణమానిని మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట గోల్ వైపు పోయే ఏ బంతికీ నేను అడ్డుపడను. వెనక చేతులు చాచుకుని ఒకడు దాని కోసమే చూస్తూ ఉంటాడు. ఈ ఒట్టు నిలబెట్టుకోవడం కష్టం కాదా అంటే, నా ఆట చూసిన పిల్లలు మాత్రం, నేను దీనికి పుట్టినప్పటి నుంచీ కట్టుబడి ఉన్నానంటున్నారు.