మార్లీన్ ఆంటీ షిఫ్ట్ మానలేదు

మా చిన్నప్పుడు అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో, స్కూల్ బస్ దిగగానే నేనూ తమ్ముడూ మా ఇంటికి కాదు, కింద ఫ్లాట్‌లో ఉండే మార్లీన్ ఆంటీ దగ్గరికి పరిగెత్తేవాళ్లం...

ఆవిడది హైతీ. అమ్మా, ఆవిడా ముసలివాళ్లని చూసుకునే ఒకే హోమ్‌లో నర్సులు. ఆంటీది పొద్దున షిఫ్ట్, అమ్మది సాయంత్రం. నాన్న ఆఫీస్ నుంచి వచ్చేదాకా మేం ఆంటీ ఇంట్లోనే.

ఆదివారాలు ఆవిడ హైతీలో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసేది. వాళ్ల మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆ నవ్వు మాత్రం మా వంటింట్లోకి వినపడేది...

నాకు పదేళ్లప్పుడు, జనవరిలో, అక్కడ భూకంపం వచ్చింది. టీవీ నిండా కూలిన ఇళ్లే. వాళ్లమ్మ ఫోన్ కలవలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ చిన్న తపేలాతో చారు పట్టుకుని కిందికి వెళ్లింది, నేనూ వెనకాలే. ఆంటీ యూనిఫాం వేసేసుకుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఇవాళ మానెయ్. నీ షిఫ్ట్ కూడా నేనే చేస్తా" అంది అమ్మ.

ఆంటీ తలెత్తలేదు. "హోమ్‌లో నేను తినిపిస్తే తప్ప తినని పెద్దావిడ ఉంది. ఆవిడకి నేను నీళ్లు పడితే... మా అమ్మకి అక్కడ ఎవరో ఒకరు పట్టకపోతారా" అంది.

అలా తొమ్మిది రోజులు వెళ్లింది. తొమ్మిదో రోజు వాళ్లన్నయ్య ఫోన్ చేశాడు... వాళ్లమ్మ ఇక లేదు. చనిపోయిన అందరితో కలిపి ఎక్కడో పూడ్చేశారట, చోటు ఆయనకీ తెలీదు.

ఆ సాయంత్రం వాళ్ల చర్చి ఆడవాళ్లంతా వచ్చారు. సగంమంది నర్సులే, కొందరు డ్యూటీ బట్టల్లోనే ఉన్నారు. అన్నం వండారు, పాడారు, ఏడ్చారు, మళ్లీ పాడారు. భాష రాని మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని మధ్యలో కూర్చుంది.

రెండు రోజులకి ఆంటీ మళ్లీ డ్యూటీకి వెళ్లింది. గట్టిమనిషి అన్నారంతా. కానీ ఒక ఆదివారం నేను చూశాను... అలవాటుగా వాళ్లమ్మ నంబర్ నొక్కుతూ సగంలో ఆగిపోయింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. తమ్ముడు వెళ్లి ఆవిడకి ఆనుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆవిడ ఫ్లోరిడా వెళ్లిపోయింది. కొన్నాళ్లు ఫోన్లు... ఆ తర్వాత అవీ లేవు.

ఇప్పుడు నేనుండే బిల్డింగ్‌లో పక్కింటివాళ్ల పేరు కూడా తెలీదు నాకు. వాళ్లింట్లో ఏం జరిగినా, చారు పట్టుకుని వెళ్లేంత చనువు లేదు...

మిమ్మల్ని అలా పెంచిన పరాయి మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ పేరొకటి ఇక్కడ రాయండి...