వీధికి వినిపించిన చదువు

ఉదయం తొమ్మిది కాగానే సుబ్బరామిరెడ్డి తన ఇంటి వీధి తలుపు మూయించి లోపల గడియ పెట్టించేవాడు. కిటికీ మాత్రం బార్లా తెరిపించేవాడు. లోపల జరిగేది ఎవరూ చూడకూడదని తలుపు మూయడం, అందరూ వినాలని కిటికీ తెరవడం. ఊరి పిల్లలు బడికి పోయే వేళ అది. వాళ్ళు ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి పాఠం వినబడాలి. వినబడేది కూడా. కాకపోతే ఆ గొంతు రెడ్డి కొడుకు హంపయ్యది కాదు, చదువు చెప్పడానికి కుదిరిన మాధవరావుది.

బళ్ళారి దగ్గర సంగనకల్లుకు అవతల పల్లెలో సుబ్బరామిరెడ్డికి నల్లరేగడి పొలం, పత్తి, జొన్న, సొంత జట్కా ఉన్నాయి. వీటిలో ఏదీ ఆయన సంపాదించింది కాదు. తాత సంపాదించాడు, తండ్రి కాపాడాడు, ఈయన వాటి మీద కూర్చున్నాడు. కూర్చున్న మనిషికి ఊరు ఏమనుకుంటోందో కనుక్కోవడం తప్ప పని లేదు. ఆ పని ఆయన శ్రద్ధగా చేశాడు.

మాధవరావును ఏరి తెచ్చింది చదువు చూసి కాదు, గొంతు చూసి. బళ్ళారిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండి మానేసినవాడు. హరికథల్లో వంత పాడేవాడు. వీధి చివరి ఇంటిదాకా పాఠం వినిపించగలడు. ఇంట్లోకి వచ్చి చాప మీద కూర్చుని, వాచకం తెరిచి, మధ్యాహ్నం దాకా తనే చదివి, భోంచేసి పోయేవాడు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి వైపు చూసిన రోజులు తక్కువ. చూస్తే అడగాలి, అడిగితే రాదు. రాని సంగతి ఇద్దరికీ తెలుసు. కాబట్టి చూడకపోవడమే ఇద్దరికీ హాయి.

హంపయ్యకు అక్షరం నిలిచేది కాదు. పొద్దున గుర్తుపట్టింది సాయంత్రానికి కొత్తదయ్యేది. పలక మీద ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు రాసేవాడు. నాలుగు అక్షరాలు పక్కపక్కన పెడితే అవి చీమల్లా పాకుతున్నాయని చెప్పి దెబ్బలు తిన్నాడు. అంతకు మించి ఏ లోపమూ లేదు. విన్న మాట విన్నట్టే తిరిగి చెప్పేవాడు. తప్పిపోయిన దూడను ఒకసారి నడిచిన దారిని పట్టి వెతికి తోలుకొచ్చేవాడు. ఊరి బడిలో మొదటి తరగతిలోనే రెండేళ్ళు కూర్చున్నాడు. అప్పుడు బడిలో చెప్పింది తెలుగే. ఆ సంగతి గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత సుబ్బరామిరెడ్డి దాన్ని పూర్తిగా మరిచిపోయాడు.

యాభై మూడులో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ బడిలో కన్నడం మొదలైంది. నిన్నటిదాకా తెలుగు పద్యాలు అప్పజెప్పిన పిల్లలు రాత్రికి రాత్రి మొద్దులైపోయారు. వాళ్ళ కష్టం నిజమైన కష్టం. సుబ్బరామిరెడ్డి ఆ కష్టాన్ని అరువు తెచ్చుకున్నాడు. కొడుకును కన్నడ పాఠం మొదలయ్యే నాడే బడి మాన్పించి, పత్తి మిల్లు దగ్గర కాఫీ హోటల్లో నిలబడి, నలుగురూ వినేట్టు చెప్పాడు.

"నా కొడుకు తెలుగే సదువుతాడప్పా. ఇంట్లోనే సెప్పిస్తా. ఎంత ఖర్చైనా సరే."

హోటల్లో ఉన్నవాళ్ళు మెచ్చుకున్నారు. మొద్దు కొడుకు తండ్రి ఆ పూట నుంచి భాషాభిమాని అయ్యాడు. ఇంత చౌకగా గౌరవం దొరకడం అరుదు.

ఆ ఇంట్లో పిల్లవాడికి నిజంగా చదువు చెప్పింది సుబ్బరామిరెడ్డి అక్క రామక్క. భర్త పోయాక తమ్ముడి పంచన ఉంటున్న మనిషి. తల్లి తిమ్మమ్మ భర్త మాటకు తలూపడంలో తీరిక లేకుండా ఉండేది కనుక పిల్లవాడు ఎక్కువగా మేనత్త వెంటే తిరిగేవాడు. రామక్క ముగ్గు వేస్తుంటే ఒకరోజు తనూ వేశాడు. చుక్కలన్నీ చుట్టుకొచ్చే పెద్ద ముగ్గు అది, ఒక్కసారి చూశాడంతే, ఎక్కడా తప్పు పోలేదు. 'అ' అక్షరం రాయలేనివాడు ముగ్గు ఎలా వేశాడని ఆమె ఆలోచించింది. ఆ ఇంట్లో ఆలోచన అనే పని జరిగింది అప్పుడే.

పెరట్లో గేదెల కొట్టం పక్కన పేడతో అలికిన నేల ఉంది. అక్కడ ముగ్గుపిండితో మంచమంత అక్షరం వేసింది. "దీని మీద నడువు నాయనా, ఈ కొస నుంచి ఆ కొసకు," అంది. వాడు నడిచాడు. మళ్ళీ నడిచాడు. వారం పాటు అదే అక్షరం. తర్వాత కాలి బొటనవేలితో మట్టిలో గీశాడు. ఆ తర్వాతే పలక. ఒక్కొక్క అక్షరానికి ఎంత కాలం పడితే అంత కాలం. మాధవరావు ముందు గదిలో భోంచేసి కునుకు తీసే వేళ వెనక పెరట్లో ఈ చదువు నడిచేది. ఏడాది తిరిగేసరికి హంపయ్యకు చిన్న మాటలు వచ్చాయి. నెమ్మదిగా, వేలు పెట్టి, కాలు కదుపుతూ, కానీ వచ్చాయి. ఒత్తులు రాలేదు, అరుదుగా వాడే అక్షరాలు ఇంకా మొదలే పెట్టలేదు.

ఒకనాడు సుబ్బరామిరెడ్డి గేదెను చూడటానికి పెరట్లోకి వచ్చి కొడుకు చేతిలో ముగ్గుపిండి చూశాడు.

"ఏందిది?"

"కనపడల్యా? ళ," అంది రామక్క.

"రెడ్డోల్ల మగపిల్లోడు ముగ్గులేస్తాండాడా? ఎవురన్నా సూస్తే?"

"తొక్కద్దురా. వానికి ఈ పొద్దే వచ్చింది."

ఆయన తొక్కాడు. చెప్పులతో అటూ ఇటూ రాసి, పిండి చెదిరిపోయేదాకా తొక్కాడు.

"ఊరంతా వాడు పద్యాలు సదువుతాండాడనుకుంటాంటే నువ్వు ఈడ అక్షరాల కాడ కూసోబెట్నావు!"

"ఊరనుకుంటే వానికొస్తాదా?"

"రాకపోతే ఏం? అనుకుంటే సాలు."

రామక్క చేతులు దులుపుకుంది. "నీకూ ఇదే కత గదరా సుబ్బరామీ. నాయన నిన్ను దూలానికి కట్టేసి కొట్టినా రాలేదు. నేను మర్సిపోయినాననుకున్యావా?"

ఆయన చెప్పులు దులుపుకుని వెనక్కి తిరిగాడు. ఆమె అన్నది అబద్ధం కాదు. సుబ్బరామిరెడ్డి సంతకం ఒక బొమ్మలాగా నేర్చుకున్నాడు, అంతకు మించి నేర్చుకోలేదు. పత్రిక వస్తే మాధవరావు చేత చదివించుకునేవాడు, కళ్ళద్దాలు సరిగా లేవనేవాడు. బళ్ళారిలో కొన్న ఆ అద్దాలు మంచివి. కళ్ళూ మంచివే.

ఈ సంగతి తెలిసి కొందరు పాపం అన్నారు. పాపం అనడానికి ఇందులో ఏమీ లేదు. తెలియనివాడు కొడితే అది తెలియనితనం. అక్షరం కళ్ళ ముందు పాకడం అంటే ఏమిటో ఆ ఊళ్ళో తెలిసిన పెద్దమనిషి ఆయన ఒక్కడే. తెలిసీ కొడుకు చేతికి అందిన దాన్ని చెప్పుతో తొక్కాడు.

యాభై ఆరు ఎండాకాలంలో బళ్ళారి నుంచి తెలుగు భాషా సేవా సంఘం కార్యదర్శి ఊరికి చందాలకు వచ్చాడు. కిటికీ ముందు ఆగి మాధవరావు గొంతు విన్నాడు, సుబ్బరామిరెడ్డి కథ విన్నాడు, చందా పుచ్చుకున్నాడు. సంఘం వార్షికోత్సవంలో రెడ్డిగారికి శాలువా కప్పుతామని, స్వాగతపత్రం చిరంజీవి చదవాలని చెప్పి వెళ్ళాడు. లోపల పిల్లవాణ్ణి పిలిచి ఒక ముక్క చదివించి చూద్దామన్న బుద్ధి ఆ పెద్దమనిషికీ పుట్టలేదు.

"అయ్యోరూ, సదవాలంట!" అన్నాడు సుబ్బరామిరెడ్డి, చెమట తుడుచుకుంటూ.

"చదవడమేమిటి రెడ్డిగారూ, కంఠస్థం చేయిస్తాను. కాగితం చేతిలో పెట్టుకుని దాని వంక చూస్తూ చెప్తాడు."

"అంతేనా?"

"సభల్లో అంతే."

కార్యదర్శి పంపిన స్వాగతపత్రాన్ని హంపయ్య రెండు సాయంత్రాల్లో అప్పజెప్పేశాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో మాధవరావు నేర్పాడు. సుబ్బరామిరెడ్డికి ఆనందం పట్టలేదు. భోజనాల దగ్గర అక్కతో అన్నాడు.

"ఈ సభ ఒకటి గట్టెక్కనీ. వాడు సదువుకున్నోడని పదిమందిలో తేలిపోతాది. ఇంక పలకా లేదు, బలపమూ లేదు. సేనికాడ పెడతా. నీ ముగ్గులు కూడా ఆ పొద్దు నుంచి బంద్."

"ఒక ఏడాది ఇయ్యరా. పత్రిక సదివేట్టు జేస్తా."

"బంద్ అంటే బంద్."

కంచం ముందు కూర్చున్న హంపయ్య తలెత్తాడు. "బాగా సెప్తే బందా నాయనా?"

"బాగా సెప్తే బంద్."

"బాగా సెప్పకపోతే?"

"ఈపు సీరతా."

పిల్లవాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వాడు ఏం అడిగాడో తండ్రికి అర్థం కాలేదు. రామక్కకు అర్థమైంది. ఆమె వాడి కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది.

సభ బళ్ళారిలో ఒక సత్రం హాల్లో జరిగింది. ముందు వరుసల్లో వకీళ్ళు, పత్తి వ్యాపారులు, వెనక రెడ్డి ఊరివాళ్ళు. సుబ్బరామిరెడ్డి కొత్త పంచెతో వేదిక మీద కూర్చున్నాడు. మాధవరావు తెర పక్కన నిలబడ్డాడు, మరిచిపోతే అందించడానికి. స్వాగతపత్రం అచ్చు వేయించారు. అది హంపయ్య చేతికి ఇచ్చి మైకు ముందు నిలబెట్టారు.

వాడు కాగితం వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"మహనీయులారా," అని తెర పక్క నుంచి మాధవరావు అందించాడు. పిల్లవాడు తల అడ్డంగా ఆడించాడు. కాగితం పైభాగాన, పెద్ద అక్షరాలతో, ఎవరూ చదవమనని చోట సంఘం పేరు ఉంది. దాని మీద వేలు పెట్టాడు. కుడికాలి బొటనవేలు వేదిక మీది జంపఖానా మీద మెల్లగా గీత గీయసాగింది.

"తె," అన్నాడు. కాలు మళ్ళీ తిరిగింది. "లు." మళ్ళీ తిరిగింది. "గు."

"కాలాడిస్తాండాడేందప్పా? వాతమా?" అన్నారు ఎవరో. ముందు వరుస నవ్వింది.

"తెలుగు," అన్నాడు హంపయ్య. మైకులో హాలంతా వినబడింది. వేలు తర్వాతి మాట మీదికి జరిపాడు, ఆగిపోయాడు. తర్వాత తలెత్తి, అందరికీ వివరం చెప్తున్నట్టు అన్నాడు.

"ఈ అక్షరం మా అత్త ఇంకా సెప్పలేదు."

హాలు విరగబడి నవ్వింది. "అత్తను పిలిపించండప్పా, సన్మానం ఆమెకే!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. సుబ్బరామిరెడ్డి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఒరే, సెప్పరా! వచ్చు గదరా నీకు!"

"సదవమన్యారు గదా నాయనా. సదువుతాండా."

అధ్యక్షుడు గట్టివాడు. చాలా సభలు నడిపిన మనిషి. మైకు అందుకుని, పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, గొంతు వణికించాడు. "చూశారా సోదరులారా! కన్నడ బడి మన పసివాళ్ళను ఏ గతి పట్టించిందో కళ్ళారా చూశారా!" చప్పట్లు మోగాయి. ఇందాక నవ్విన వకీలు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పసివాడు కన్నడ పాఠం ఒక్కటీ వినలేదని చెప్పగల మనిషి వేదిక మీదే ఉన్నాడు. ఆయన వంగి శాలువా కప్పించుకున్నాడు.

బళ్ళారిని మోసం చేయడం తేలిక. ఊరిని మోసం చేయడం కుదరలేదు, ఎందుకంటే ఊరు వెనక వరుసల్లో కూర్చుని విన్నది. మర్నాడు తొమ్మిదింటికి ఆ ఇంటి కిటికీ కూడా మూసే ఉంది. మాధవరావు రాలేదు. బడికి పోయే పిల్లలు మూసిన కిటికీ ముందు ఆగి, "ఈ అక్షరం మా అత్త ఇంకా సెప్పలేదు!" అని అరిచి పరుగెత్తారు. ఆ తర్వాతి రోజు ఇంకాస్త గట్టిగా అరిచారు. ఈసారి వీధి చివరిదాకా వినబడింది, అయ్యవారి ఖర్చు లేకుండా.

సుబ్బరామిరెడ్డి కొడుకును కొట్టాడు. కొట్టినంత మాత్రాన కిటికీ బయటి అరుపులు ఆగలేదు. అప్పుడు వాడు కళ్ళ ముందు ఉండకూడదన్నాడు. రామక్క మరిది కోదండరామిరెడ్డికి సండూరు గనుల దగ్గర యశ్వంతనగర్‌లో ఇనుపరాయి తోలే లారీలు ఉన్నాయి. అక్కడికి పంపేస్తానన్నాడు. ఊరికి మాత్రం పిల్లవాడికి డాక్టరు గాలిమార్పు చెప్పాడని చెప్పుకున్నాడు.

"నేనూ పోతాండా," అంది రామక్క.

"పో. పోయి ఆడ ముగ్గులేసుకో."

"ఆఁ, ఏసుకుంటాం."

సుబ్బరామిరెడ్డి తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఎండలు మండే వైశాఖంలో జరిగే పెళ్ళిళ్ళకు కూడా ఆ శాలువా కప్పుకునే పోయేవాడు. కూర్చున్నచోట ఎవరూ అడగకుండానే మాతృభాష మీద మాట్లాడేవాడు. కొడుకు ఏం చదువుతున్నాడని అడిగితే అద్దాలు తుడుచుకునేవాడు.

రామక్క, హంపయ్య బయల్దేరిన రోజు తిమ్మమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చి, భర్త పిలిచేలోగా లోపలికి వెళ్ళిపోయింది. బళ్ళారి బస్టాండులో వాళ్ళిద్దరూ సండూరు వైపు పోయే బస్సు ఎక్కారు. రామక్క కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి పెట్టుకుంది.

"ఆ పొద్దు రాని అక్షరం యాడ సెప్తావత్తా?"

"ఆడ మీ మామ లారీలు నిలబెట్టే బయలుంటాది. లారీ అంత ఏస్తా."

కండక్టరు వచ్చి సంచిని కాలితో తట్టి చూశాడు. తెల్లటి పిండి రాలింది. "ఇష్టొందు ముగ్గుపిండి! ఏనమ్మా, మదువేనా?" అన్నాడు. ఇంత పిండి పెళ్ళికా అని.

"కాదప్పా, బడికి," అంది రామక్క.

వాడు పిల్లవాడి ఎత్తు చూసి ఒకటిన్నర టికెట్టు ఇచ్చాడు.